విశాఖ పాత చర్చిల లోపల ఫోటోలు తీయడం: నా అనుభవం

మాది విజయవాడ. ఆడిట్ పని మీద వైజాగ్ తరచూ వెళ్ళాల్సి వస్తుంది. రైలేమో తెల్లారేసరికి దింపేస్తుంది, క్లయింటు ఆఫీసులో మనుషులు కుర్చీల్లోకి వచ్చేసరికి పదిన్నర అవుతుంది. ఈలోపు మా టీమ్ కుర్రాళ్ళు ఆర్కే బీచ్‌కి పోతారు, నేను కెమెరా బ్యాగు తగిలించుకుని వన్‌టౌన్ ఆటో ఎక్కుతాను. పాత చర్చిల లోపలి భాగాలు, స్వరూపాలు అంటే మాత, ఏసు, పునీతుల విగ్రహాలు, గోడల్లో బిగించిన పాలరాతి పలకలు తీయడం నాకున్న పిచ్చి. గోవా, కొచ్చి, మెదక్ కూడా తిరిగాను. అవి టూరిస్టులకి అలవాటుపడిపోయిన చోట్లు, గుమ్మం దగ్గర బోర్డు చదివి అందులో ఉన్నట్టు నడుచుకుంటే గొడవే లేదు. వైజాగ్ పాత చర్చిలు అలా కాదు, అవి ఆ పేటలో వాళ్ళు రోజూ వచ్చి మోకరించే గుళ్ళు. బోర్డు కనపడదు. ఎవర్ని అడగాలో, ఏ టైముకి వెళ్ళాలో, ఆ మసక వెలుతుర్లో కెమెరా ఎలా పెట్టుకోవాలో తిరిగితేనే తెలుస్తుంది. నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. వెళ్ళబోయే చర్చి ఎవరు కట్టిందో తెలిస్తే లోపల ఏం దొరుకుతుందో సగం తెలిసిపోతుంది. స్వరూపాలు కావాలంటే కేథలిక్ గుడికి వెళ్ళాలి. ఐరోపాలోని అనెసీ అనే ఊరి నుంచి సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో విశాఖలో దిగారు, ఓల్డ్‌టౌన్‌లో సెయింట్ అలోషియస్ స్కూలు ఆ మరుసటి ఏడాది, 1847లో మొదలైంది, ఆ చుట్టుపక్కల వీధుల్లో ఇప్పటికీ ఆ వాసన ఉంటుంది. ఇంగ్లీషు దొరలు తమ కోసం కట్టుకున్నవి వేరు. ఓల్డ్‌టౌన్‌లో సెయింట్ జాన్స్, వాల్తేరు అప్‌ల్యాండ్స్ వైపు సెయింట్ పాల్స్, భీమిలిలో సెయింట్ పీటర్స్ ఆ కోవలోవి. 1947 నుంచి ఇలాంటివన్నీ సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా కిందకి వచ్చాయి. వీటిలో స్వరూపాల కోసం వెతికితే నిరాశే, చనిపోయిన కలెక్టర్లకీ కెప్టెన్లకీ వేయించిన పలకలు, రంగుటద్దాల కిటికీలు, నున్నగా అరిగిన బెంచీలు, ఇలాంటివే చూసుకోవాలి. వీళ్ళందరికంటే ముందు 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు ఈ ఊరు వచ్చి తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి కూర్చున్నారు. వాళ్ళ బాట పట్టిన మందిరాలు సాదా సీదాగా ఉంటాయి, వాక్యం రాసిన గోడ తప్ప కెమెరాకి పెద్దగా పని చెప్పవు. ఇది తక్కువ చేసి అనడం కాదు, నా కెమెరా ఆకలి గురించి చెప్తున్నానంతే.

అనుమతి సంగతికొస్తాను. కేథలిక్ గుడి అయితే విచారణ గురువుని అడగాలి, అంటే ఆ పేట ఫాదర్ గారిని. ఫోన్ నంబరు సంపాదించి ముందే అడగడం మర్యాదలా కనిపిస్తుంది గానీ నా అనుభవంలో అది పనిచేయదు, ఫోన్‌లో ఎవరో తెలియని మనిషి "లోపల ఫోటోలు తీసుకోవచ్చాండీ" అంటే ఎవరైనా "ఎందుకండీ" అనే అంటారు, అక్కడితో ఆగిపోతుంది. పొద్దున పూజ అయ్యేదాకా వెనక బెంచీలో కూర్చుని, జనం బయటికి వచ్చాక "వందనాలు ఫాదర్" అని పలకరించి, ఫోన్‌లో ఇదివరకు తీసినవి ఓ నాలుగు చూపిస్తే వ్యవహారం రెండు నిమిషాల్లో తేలిపోతుంది. చూపించేవాటిలో మా విజయవాడ గుణదల మేరీమాత గుడి ఫోటో ఒకటి తప్పకుండా ఉంచుకుంటాను. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే గుణదల తిరునాళ్ళకి మా అమ్మ ప్రతి ఏడూ కొవ్వొత్తులు పట్టుకెళ్ళేది, మేం హిందువులమే అయినా. ఆ మాట చెప్పగానే ఫాదర్లు కుర్చీ చూపిస్తారు. సీఎస్ఐలో అయితే అయ్యగారు, అంటే అక్కడి పాస్టరు గారు సరే అన్నాక కూడా కమిటీ సెక్రటరీ గారి చెవిన వేయాలి, లేకపోతే ఆయన వచ్చి మళ్ళీ మొదట్నుంచి అడుగుతారు. ఆదివారం మాత్రం వెళ్ళొద్దు, ఊపిరి తీసుకునే ఖాళీ ఎవరికీ ఉండదు.

అన్నిచోట్లా సరే అంటారని కాదు. ఒక చర్చిలో, పేరు రాయను, వాచ్‌మెన్ నా బ్యాగు చూసి గేటు దగ్గరే ఆపేశాడు. "ప్రీవెడ్డింగా? ఎల్లండి ఎల్లండి" అన్నాడు. అంతకుముందు ఎవరో జంట వచ్చి పీఠం, అంటే పూజ జరిగే బల్ల, దాని మెట్ల మీద కూర్చుని డ్రెస్సులు మార్చి మార్చి షూట్ చేసుకుపోయారట, దాంతో కెమెరా అంటేనే కమిటీవాళ్ళకి మండుతోంది. ఎంత చెప్పినా వినలేదు. నాకు కోపం వచ్చింది, వాచ్‌మెన్ మీద కాదు. మా క్లయింటు ఆఫీసులో లీగల్ చూసే మిత్రుడికి ఇది చెప్తే ఆయన ఉత్సాహంగా 1957 కాపీరైట్ చట్టం, 52వ సెక్షన్ తీశాడు, జనం వచ్చిపోయే చోట శాశ్వతంగా ఉంచిన శిల్పాన్ని ఫోటో తీస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదని. నిజమే, అలాగే ఉంది. కానీ అది శిల్పి హక్కు గురించి చెప్పే మాట, గేటు తాళం గురించి కాదు. గుడి వాళ్ళది, వద్దంటే వద్దు.

రాస్‌హిల్ గురించి విడిగా చెప్పాలి, వైజాగ్‌లో అందరూ మొదట వెళ్ళేది అక్కడికే. పాతపోస్టాఫీసు దగ్గర దిగితే పోర్టు పక్కన వరసగా మూడు కొండలు, ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. 1864లో రాస్ అనే దొర ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, ఆ ఇల్లే తర్వాత ప్రార్థనాలయం అయింది, కొండకి ఆయన పేరు అలాగే ఉండిపోయింది. డిసెంబరు 8న పండగ, ఆ రోజు కొండ కనిపించనంత జనం. ఫోటోల కోసమైతే ఆ తేదీ దగ్గర్లో వెళ్ళొద్దనే అంటాను, జనాన్ని తీయాలనుకునేవాళ్ళకి అది పండగే గానీ లోపలి భాగం తీయడానికి నిలబడే చోటు కూడా దొరకదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే ఎండ పూర్తిగా ఎక్కకముందు పైకి చేరుకోవచ్చు. ఇంకో ముఖ్యమైన మాట, పైనుంచి పోర్టు, డాల్ఫిన్స్ నోస్, ఓడలు చాలా అందంగా కనిపిస్తాయి, చెయ్యి దానంతటదే కెమెరా అటు తిప్పుతుంది. తిప్పొద్దు. అటువైపంతా పోర్టు, నేవీ వ్యవహారం, పెద్ద లెన్సు బిగించి అటు తిప్పితే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, ఆ టెన్షన్ మనకెందుకు. డ్రోన్ ఊసే ఎత్తొద్దు.

ఇక్కడ అనుకోకుండా మంచి ఫోటో దొరికింది. పక్క గోడకున్న చిన్న స్వరూపం ఒకటి తీస్తుంటే నేల ఊడుస్తున్న పెద్దావిడ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"ఏటి బాబూ, అమ్మ ఫోటో తీస్తన్నావేటి?"

"అవునమ్మా, ఫాదర్ గారు తీసుకోమన్నారు."

"అయితే ఉండు. ఆ దండ వాడిపోనాది, అలా తీస్తే బాగోదు."

ఎక్కడికో వెళ్ళి కనకాంబరాల దండ తెచ్చి, స్టూలెక్కి, పాత దండ తీసి, కొత్తది వేసి, దూరం నుంచి ఓసారి చూసుకుని, మళ్ళీ స్టూలెక్కి ఎడమ వైపు కాస్త సర్దింది. ఆవిణ్ణి అడిగి ఆ సర్దుతున్న చేతుల్ని తీశాను. ముఖం వద్దంది, సరే అన్నాను.

ఇప్పుడు వెలుతురు గోల. పగలే అయినా లోపల చాలా చీకటి, మన కళ్ళు సర్దుకుంటాయి గానీ కెమెరాకి తెలిసిపోతుంది. ఫ్లాష్ వాడొద్దు. అది ప్రార్థన చేసుకునేవాళ్ళకి చికాకు అన్నది ఎలాగూ ఉంది, దానికి తోడు మన గుళ్ళలో స్వరూపాలకి నిగనిగలాడే ఎనామిల్ రంగు వేస్తారు, ఫ్లాష్ కొడితే మాత నుదుటి మీద తెల్లటి మచ్చ పడి ముఖం పలకలా అయిపోతుంది. ట్రైపాడ్ కూడా నేను తీసుకెళ్ళను, అది చూస్తే సినిమావాళ్ళనుకుంటారు. బెంచీ వీపు మీద తువ్వాలు మడతపెట్టి దాని మీద కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి చేతులు తీసేస్తే చాలు, సెకనులో పదోవంతు దాకా కూడా కదలకుండా వస్తుంది. ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె, 1600 నుంచి 3200 మధ్య, తీసేది రా ఫార్మాట్‌లో, అంటే సెన్సరు చూసింది చూసినట్టే దాచుకునే ఫైలుగా. ఎందుకంటే ఒకే గోడ మీద కిటికీ వెలుగు నీలంగా, ట్యూబులైటు పచ్చగా, కొవ్వొత్తులు ఎర్రగా పడతాయి, ఆ మూడింటికీ కుదిరే వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెలుపులా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగు, కెమెరాలో లేదు, ఇంటికెళ్ళాక కూర్చుని సర్దాల్సిందే.

చప్పుడు చేయకూడదని సైలెంట్ షట్టర్ పెడతామా, ఫోటోలో అడ్డంగా చారలు వస్తాయి. నన్ను చాలామంది అడిగింది ఇదే. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే లైటు సెకనుకి వంద సార్లు మినుకుతుంది, కంటికి తెలియదు. సైలెంట్ షట్టర్‌లో సెన్సరు పైనుంచి కిందకి వరస వరసగా చదువుతుంది కాబట్టి ఆ మినుకు చారలుగా దిగుతుంది. షట్టర్ సెకనులో వందో వంతు గానీ యాభయ్యో వంతు గానీ పెడితే చారలు పోతాయి, చవక ఎల్ఈడీలకి ఇరవై అయిదో వంతు దాకా దిగాలి. అప్పటికీ పోకపోతే మామూలు షట్టరే వాడి, పక్కన ఎవరూ లేని క్షణం చూసుకుని నొక్కడం తప్ప దారి లేదు.

అయితే మన గుళ్ళలో అసలు సమస్య ట్యూబులైటు కాదు, సీరియల్ సెట్టు. మాత తల చుట్టూ, పీఠం అంచున, గూడు చుట్టూ, రంగులు మార్చుకుంటూ పరిగెత్తే చిన్న బల్బులు. వాటి మినుకుకి ఏ లెక్కా కుదరదు, ఒకసారి స్వరూపం ఆకుపచ్చగా, ఇంకోసారి గులాబీగా వస్తుంది. ఓ గుడిలో ఉపదేశి గారు, అంటే ఫాదర్‌కి సాయంగా ఉండి జనానికి మతబోధ చేసే ఆయన, పక్కనే ఉంటే, అన్నా, ఇవి కాసేపు ఆపుతారా అని అడిగాను.

"ఆపీమంటారా? ఆపితే అమ్మ బోసిగా ఉంటది కదండీ."

"రెండు నిమిషాలే అన్నా, మళ్ళీ మీరే వేసేద్దురు గాని."

ఆయన మొహంలో ఇష్టం లేదు గానీ ఆపాడు. అప్పుడు పక్క కిటికీలోంచి వచ్చే పొద్దుటి వెలుగు ఒక్కటే మిగిలింది, చెంప మీద ఒక వైపు నీడ పడి, చీర మడతలు, చేతివేళ్ళు విడివిడిగా తెలిశాయి. స్వరూపాన్ని మలిచినవాడు దాన్ని అలాంటి వెలుగులోనే చూసి ఉంటాడని నా నమ్మకం. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి తీసుకునే వెలుగు, కాస్త తగ్గించి తీశాను. ఆ తర్వాత సెట్టు మళ్ళీ వేయించి, అదీ ఒకటి తీశాను, ఆయన కోసం.

అద్దాల గూట్లో ఉన్న స్వరూపాలది మరో తలనొప్పి. అద్దంలో ఎదురు కిటికీ, ట్యూబులైటు, చివరికి మన చొక్కా కూడా కనిపిస్తుంది. నేను నల్ల చొక్కా వేసుకెళ్తాను. లెన్సుకి రబ్బరు హుడ్డు తగిలించి అద్దానికి మెల్లగా ఆనించి తీస్తే ప్రతిబింబం పోతుంది, కానీ అంత దగ్గర్నుంచి స్వరూపం మొత్తం పట్టదు. దూరం నుంచి తీయాలంటే పోలరైజర్ ఫిల్టర్ వాడాలి. అద్దానికి సరిగ్గా ఎదురుగా నిలబడితే అది దండగ, కాస్త పక్కకి జరిగి ఏటవాలుగా చూస్తూ ఫిల్టర్‌ని తిప్పితే ఒకచోట ప్రతిబింబం మాయమవుతుంది. అసలే లేని వెలుతురులో అది సగం పైనే తినేస్తుంది, కాబట్టి మళ్ళీ బెంచీ, తువ్వాలు. అద్దం మీద వేలిముద్రలుంటే మనం తుడవకూడదు, అక్కడివాళ్ళని అడగాలి. గూట్లో స్వరూపం ఎత్తున ఉంటే దాని కింద నిలబడి పైకి తీస్తే గెడ్డం పెద్దదై ముఖం చిన్నదవుతుంది, వెనక్కి నడిచి జూమ్ చేసుకోవాలి. గుడి మొత్తం తీసేటప్పుడూ అంతే, కెమెరా పైకెత్తితే స్తంభాలు లోపలికి వాలిపోతాయి, నిటారుగా పట్టుకుని తీసి కింద ఎక్కువైన నేలని తర్వాత కత్తిరించుకోవడం మేలు.

ఎవరి స్వరూపమో తెలియకుండా కింద పేరు రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. అన్నీ "మేరీమాత", "ఏసుప్రభువు" అని రాసేస్తారు. చేతిలో ఉన్నది చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. తాళంచెవులుంటే పేతురు. బాలయేసుని ఎత్తుకుని లిల్లీ పువ్వుతో గోధుమరంగు అంగీలో ఉంటే అంతోని, గడ్డంతో వడ్రంగి పనిముట్లుంటే యోసేపు, ఒంటినిండా బాణాలుంటే సెబాస్టియన్. తెల్లబట్టల మీద నీలం నడికట్టు ఉంటే లూర్దుమాత, పట్టుచీర కట్టి చేతుల్లో బిడ్డతో కిరీటం పెట్టుకుంటే వేళాంగణ్ణిమాత. అనుమానం ఉంటే ఆ ఊడ్చే పెద్దావిణ్ణి అడిగినా చెప్తుంది. ఇంకోటి, ఈస్టరుకి ముందు రెండు వారాలు కొన్ని గుళ్ళలో స్వరూపాలకి ఊదారంగు గుడ్డ కప్పేస్తారు, దూరం నుంచి వచ్చేవాళ్ళు ఆ తేదీలు చూసుకోండి. నాకు మాత్రం ఆ కప్పిన రూపాలు కూడా ఇష్టమే.

భీమిలి సెయింట్ పీటర్స్ 1864 నాటిది. బీచ్‌రోడ్డు మీద బస్సులో వెళ్ళి రావచ్చు. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాని ఈ సముద్రపు గాలిలో పెట్టగానే లెన్సు మీద పొగలా తేమ పడుతుంది, గుడ్డతో తుడిచేకొద్దీ మళ్ళీ వస్తుంది, బ్యాగు జిప్పు మూసి అరగంట అలా వదిలేయడమే మందు. ఇంగ్లీషువాళ్ళ చర్చిల్లో మామూలుగా పీఠం తూర్పు వైపు ఉంటుంది, అంటే పొద్దున్నే ఆ కిటికీ నిప్పులా వెలుగుతుంది, చుట్టూ అంతా చీకటి. రంగుటద్దం కావాలంటే కిటికీకి ఎక్స్‌పోజర్ కట్టుకుని మిగతాది నల్లగా పోనివ్వాలి. రెండూ ఒకే ఫోటోలో కావాలని ఎక్స్‌పోజర్లు కలిపి వండితే అద్దం అద్దంలా ఉండదు, టీవీలా ఉంటుంది. మెదక్ చర్చిలో ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన మూడు పెద్ద కిటికీలున్నాయి కదా, 1927 నాటి ఆరోహణం, 1947 నాటి జననం, 1958 నాటి శిలువ, అవి తీసినప్పుడే ఈ ఆశ వదులుకున్నాను. గోడల మీది పలకలకి ఎదురు వెలుగు పనికిరాదు, చెక్కిన అక్షరం కనపడాలంటే పక్కనుంచి పడాలి, కిటికీ వెలుగు లేకపోతే ఫోన్ టార్చి గోడకి దాదాపు ఆనించి పట్టుకుంటే అక్షరాలు లేచి కూర్చుంటాయి. భీమిలిలోనే ఉన్న డచ్చి సమాధులకీ ఇదే కిటుకు. 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పేదాకా ఆ రేవు డచ్చివాళ్ళది, ఆ రాళ్ళ మీద రాతలు సాయంత్రపు ఏటవాలు ఎండలోనే చదవగలం. అక్షరాలు తెలియడానికి సుద్ద రుద్దేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చేయకండి, రాయి పాడవుతుంది.

మోకరించిన మనిషిని మాత్రం నేను తీయను. వెనకనుంచి తీస్తే ఎవరో తెలియదు కదా అంటారు, పేటలో వాళ్ళకి వీపు చూసినా తెలుస్తుంది. పీఠం దగ్గర ఎర్రదీపం వెలుగుతుంటే దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మారిందని వాళ్ళు నమ్మే అప్పం, అక్కడుందని అర్థం, పీఠం ముందుండే కటకటాలు దాటి లోపలికి వెళ్ళకూడదు, పిలిస్తే తప్ప. ఎవరైనా కొవ్వొత్తి వెలిగించడానికి వస్తే కెమెరా కిందకి దించేసి పక్కకి జరుగుతాను, ఆ మాత్రానికే వాళ్ళు నన్ను తర్వాత "తీసుకో బాబూ" అంటారు.

ఎడిటింగ్‌లో ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. పైకప్పు నుంచి పొడుగు రాడ్లకి వేలాడే ఫ్యాన్లు, స్తంభానికి కట్టిన సౌండ్ బాక్సు, మూల పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, పండగ ఫ్లెక్సీ, వీటిని చెరిపేసి ఇటలీ పోస్టుకార్డు చేయాలని చూసేవాళ్ళతో నాకు పడదు. వైజాగ్ ఉక్కపోతలో ఫ్యాను లేని గుడి ఉంటుందా? ఫ్యాను మరీ ముఖానికి అడ్డొస్తే నేను రెండడుగులు జరుగుతాను, అంతే.

సీరియల్ సెట్టు ఆపించిన గుడికి తర్వాత ఇంకోసారి వెళ్ళినప్పుడు ఫాదర్ గారికి తీసినవన్నీ ల్యాప్‌టాప్‌లో చూపించాను. పండగ కరపత్రం మీద వేసుకోవడానికి ఒకటి ఇవ్వమన్నారు. కిటికీ వెలుగులో తీసిన దాన్ని ముందు పెట్టాను, నాకు అదే గొప్పది. ఆయన దాన్ని చూసి "బాగుందండి" అన్నారు, పక్కనున్న ఉపదేశి గారి వైపు చూశారు, ఇద్దరూ కలిసి సీరియల్ సెట్టు వెలుగుతున్న దాన్ని ఎంచుకున్నారు, అందులో మాత సగం గులాబీ, సగం ఆకుపచ్చ. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అచ్చుకి పనికిరాకుండా నలిగిపోతుందని చెప్పి, డాక్యుమెంటుగా పంపించాను.